స్వీడన్‌లో ఆగిపోయిన బండి: 1961 సీజను కథ

ఈరోజు పోస్టు పంట గురించి కాదండి, బైకు రేసు గురించి. "నీకెందుకయ్యా రేసుల గోల" అనేముందు నాలుగు పేరాలు చదవండి, ఆ తర్వాత మీ ఇష్టం.

మందు కొట్టే పవర్ స్ప్రేయరు మీలో చాలామంది వీపున మోసినవాళ్ళే. పెట్రోల్లో టూ-టీ ఆయిల్ కలిపి పోస్తాం, తాడు లాగుతాం, చెవులు గింగురుమనేలా మోగుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక చొక్కాకి మందు కంపుతో పాటు పచ్చి పెట్రోలు వాసన కూడా ఉంటుంది, గమనించారా? అది కాలిన పొగ వాసన కాదు. కాలకుండానే సైలెన్సర్లోంచి బయటికి పోయిన పెట్రోలు. మనం డబ్బు పెట్టి పోసినదాంట్లో కొంత గాలికే పోతోందన్నమాట.

ఎందుకలా అంటే టూ-స్ట్రోక్ ఇంజను పుట్టుకే అలాంటిది. వాల్వులుండవు. సిలిండరు గోడకే కన్నాలుంటాయి. పిస్టను కిందికి దిగేటప్పుడు ముందు పొగ పోయే కన్నం తెరుచుకుంటుంది, ఆ వెంటనే కొత్త పెట్రోలు-గాలి వచ్చే కన్నాలు తెరుచుకుంటాయి. కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. అప్పుడు కొత్తగా వచ్చిన సరుకు ఇటునుంచి వచ్చి అటునుంచి జారిపోతుంది. పక్క గట్టుకి గండి పడ్డ మడికి నీళ్ళు పెట్టినట్టే. అందుకే చాలా ఏళ్ళపాటు రేసులవాళ్ళు టూ-స్ట్రోక్‌ని చిన్నచూపు చూశారు. చౌక బండికి, గడ్డి కోసే మిషనుకి సరే, రేసుకి ఫోర్-స్ట్రోకే అనేవాళ్ళు.

ఆ గండి పూడ్చిన మనిషి పేరు వాల్టర్ కాడెన్. ఆయన పూడ్చిన పద్ధతిని దేశం దాటించిన మనిషి పేరు ఎర్న్‌స్ట్ డెగ్నర్. ఇదంతా బయటపడింది 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ సీజన్లో, 125 సీసీ తరగతిలో. మన ఊళ్ళలో ఒకప్పుడు కుర్రాళ్ళని పిచ్చెక్కించిన ఆర్ఎక్స్ 100 ఉంది చూశారూ, దాని సైలెన్సరు లోపల ఉన్న గరాటు ఆకారానికి కూడా మూలం ఆ మనుషుల దగ్గరే ఉంది. అందుకే చెప్తున్నా.

ముందు కాడెన్ సంగతి. ఆయన 1919లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో పుట్టాడు. యుద్ధకాలంలో పీనెమ్యుండె అనే రహస్య కేంద్రంలో రాకెట్‌తో నడిచే బాంబుల పని చేశాడు. యుద్ధం ఓడిపోయాక సొంత ప్రాంతానికి వచ్చి కలప వ్యాపారం పెట్టుకున్నాడు, ఇళ్ళ పైకప్పులకి దూలాల చట్రాలు చేసేవాడు. ఖాళీ ఉన్నప్పుడు సొంతంగా రేసు బండి తయారు చేసుకొని తోలేవాడు. ఆ ప్రాంతంలో చోపావ్ అనే చిన్న పట్నం ఉంది. యుద్ధానికి ముందు డీకేడబ్ల్యూ కంపెనీ అక్కడే ఉండేది, ఒక దశలో ప్రపంచంలోనే పెద్ద మోటారుసైకిల్ ఫ్యాక్టరీల్లో ఒకటి. యుద్ధం తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది, చోపావ్ కమ్యూనిస్టు తూర్పు జర్మనీ వైపు పడింది. ఫ్యాక్టరీని ప్రభుత్వం తీసుకుంది, పేరు ఎంజెడ్ అయింది. 1953లో దాని రేసు విభాగం కాడెన్ చేతికి వచ్చింది.

రేసు విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. చిన్న షెడ్డు, కొద్దిమంది పనివాళ్ళు. మంచి బేరింగులు, మంచి స్పార్కు ప్లగ్గులు కావాలంటే పడమటి దేశాల నుంచి రావాలి. వాటికి విదేశీ డబ్బు కావాలి, అది ఇచ్చేవాడు లేడు. డబ్బు లేనిచోట కాడెన్ బుర్ర పెట్టాడు.

ఆయన చేసిన పనులు ప్రధానంగా మూడు. ఒకటి, పెట్రోలు-గాలి ఇంజన్లోకి దూరే దారికి అడ్డంగా పలచటి ఉక్కు పళ్ళెం ఒకటి తిరుగుతుంటుంది, దాని అంచు ఒకచోట కోసి ఉంటుంది. ఆ కోసిన భాగం దారికి ఎదురైనప్పుడే సరుకు లోపలికి. ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలి అనేది మన చేతిలో ఉంటుంది. ఈ డిస్క్ వాల్వు కాడెన్ సొంత ఊహ కాదు. డేనియల్ జిమ్మర్‌మాన్ అనే ఆయన తన సొంత బండికి పెట్టుకున్నాడు, కాడెన్ దాన్ని చూసి తెచ్చుకున్నాడు. రెండోది, సిలిండర్లోకి సరుకు వచ్చే కన్నాలకి తోడు ఇంకొక కన్నం వెనకవైపు పెట్టాడు. దాంతో సరుకు ఎక్కువ దూరింది, పిస్టను దగ్గరి బేరింగుకి చల్లదనం కూడా దక్కింది.

మూడోది అసలైనది, పొగగొట్టం. నీళ్ళు జోరుగా పారుతున్న కాలవలో తూము తలుపు టక్కున దించి చూడండి. నీళ్ళు తలుపుకి కొట్టుకొని అల వెనక్కి వస్తుంది, కాలవ ఎగువ దాకా పాకుతుంది. పొగగొట్టంలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే నీటి అల బదులు ఒత్తిడి అల. కాడెన్ గొట్టాన్ని ముందు గరాటులా వెడల్పు చేశాడు, తర్వాత మళ్ళీ సన్నం చేశాడు. వెడల్పయ్యే చోట ఏర్పడే అల సిలిండర్లోని పొగని బయటికి లాగుతుంది. ఆ లాగుడులో కొత్త సరుకు కూడా కొంత బయటికి వస్తుంది. ఇంతలో సన్నమయ్యే చోట తగిలి వెనక్కొచ్చిన అల, బయటికొచ్చిన ఆ సరుకుని కన్నం మూసుకునేలోపు మళ్ళీ సిలిండర్లోకి నెడుతుంది. మడి గండి దగ్గర ఎవరో నిలబడి బయటికి పోయే నీళ్ళని చేత్తో లోపలికి తోస్తున్నట్టు. అదీ నిమిషానికి పది వేల సార్లకి పైగా.

ఈ ఆలోచన కూడా గాల్లోంచి రాలేదు. పడమటి జర్మనీలోని డీకేడబ్ల్యూలో ఎరిక్ వోల్ఫ్ అనే ఇంజినీరు అంతకుముందే అలాంటి గొట్టాలు వాడాడు. కాడెన్ చేసిందేమిటంటే దాన్ని గుడ్డిగా కాకుండా కొలిచి చేయడం. ఆసిలోస్కోపు అనే పరికరం పెట్టి అల ఎప్పుడు పోతోంది, ఎప్పుడు తిరిగొస్తోంది అని తెర మీద చూసుకుంటూ గొట్టం కోసి, అతికి, మళ్ళీ కోసి చూశాడు. ఒకటి రెండు ఏళ్ళు కాదు, ఎనిమిదేళ్ళు.

ఫలితం చూడండి. 1961 నాటికి ఒకే సిలిండరున్న ఆయన 125 సీసీ ఇంజను నిమిషానికి 10,800 చుట్ల దగ్గర 25 హార్స్ పవర్ ఇచ్చింది. లీటరుకి లెక్కేస్తే 200. బయటినుంచి గాలిని పంపుతో కుక్కకుండా, మామూలుగా గాలి పీల్చుకునే ఇంజను ఆ అంకె అందుకోవడం అదే మొదటిసారి అంటారు. పోలిక కోసం, పాతికేళ్ళ తర్వాత వచ్చిన మన ఆర్ఎక్స్ 100 ఇచ్చింది 11 హార్స్ పవర్.

ఇంజను ఉంటే సరిపోదుగా, తోలేవాడు కావాలి. ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1931లో గ్లైవిట్స్‌లో పుట్టాడు. అప్పుడు అది జర్మనీ, ఇప్పుడు పోలండు. యుద్ధం చివర్లో ఆ ప్రాంతం చేజారాక పడమటికి తరలివచ్చిన లక్షల జనంలో వీళ్ళ కుటుంబం ఒకటి. అతను ఉత్త రైడరు కాదు, ఇంజను తెలిసినవాడు. కాడెన్ షెడ్డులో కలిసి పనిచేశాడు. ఏ మార్పు ఎందుకు చేశారో అతనికి తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం. 1959లో ఇటలీ మోంజాలో, 1960లో బెల్జియం స్పాలో 125 రేసులు గెలిచాడు.

రేసుల కోసం అతను పడమటి దేశాలన్నీ తిరిగేవాడు. అక్కడి రైడర్ల కార్లు, ఇళ్ళు, సంపాదన చూసేవాడు. అందరినీ దాటి గెలిచినా తిరిగి వెళ్ళేది చోపావ్‌కే. అతను పడమటికి వెళ్ళినప్పుడల్లా భార్య, ఇద్దరు చిన్న పిల్లలు తూర్పులోనే ఉండేవాళ్ళు. మనిషి తిరిగొస్తాడన్న పూచీ వాళ్ళే.

ఇక సీజను. అప్పటి లెక్క ఇది: మొదటి స్థానానికి 8 పాయింట్లు, తర్వాత 6, 4, 3, 2, 1. మొత్తం 11 రేసుల్లో ఎవరికి వారు బాగా చేసిన ఆరు మాత్రమే కలుపుతారు.

ఎదుట ఉన్నది హోండా. జపానువాళ్ళు ఐల్ ఆఫ్ మ్యాన్ రేసుకి మొదటిసారి వచ్చి అప్పటికి రెండేళ్ళే. హోండా బండి ఫోర్-స్ట్రోక్, రెండు సిలిండర్లు, గడియారంలా చేసిన ఇంజను. డబ్బుంది, మనుషులున్నారు, స్పేర్లున్నాయి. ఆస్ట్రేలియా రైడరు టామ్ ఫిల్లిస్ ఏప్రిల్లో స్పెయిన్ రేసు గెలిచాడు. హోండాకి ప్రపంచ చాంపియన్‌షిప్ రేసుల్లో అదే తొలి విజయం. డెగ్నర్ రెండో స్థానం. తర్వాత పడమటి జర్మనీలో హోకెన్‌హైమ్, అక్కడ డెగ్నర్ గెలిచాడు, మొదటి మూడు స్థానాలూ ఎంజెడ్‌వే. ఫ్రాన్సులో మళ్ళీ ఫిల్లిస్, డెగ్నర్ రెండు. అక్కడినుంచి జూన్‌లో ఐల్ ఆఫ్ మ్యాన్.

ఆ రేసులో డెగ్నర్ బండి మధ్యలోనే ఆగింది. మొదటి ఐదు స్థానాలూ హోండా ఊడ్చేసింది, గెలిచింది మైక్ హెయిల్‌వుడ్. కానీ ఈ కథకి రేసు ముఖ్యం కాదు, హోటలు ముఖ్యం. ఎంజెడ్ జట్టు, సుజుకి జట్టు ఒకే హోటల్లో దిగాయి. సుజుకి కూడా టూ-స్ట్రోకులే చేసేది, కానీ రేసుల్లో అప్పటికి వాళ్ళ పరిస్థితి అన్యాయం. ముందు ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్‌లో 15, 16, 18 స్థానాలు. ఈ ఏడు అదీ లేదు. తమలాంటి ఇంజనే, ఒక పేద షెడ్డులో చేసింది, హోండాని ఓడిస్తుంటే వాళ్ళకి నిద్రెలా పడుతుంది? సుజుకి మనుషులు, డెగ్నర్ చాటుగా కలుసుకున్నారు. సుజుకి తరఫున మాట్లాడింది జిమ్మీ మత్సుమియా. డెగ్నర్ పడమటికి వచ్చేస్తే వచ్చే ఏడు సుజుకి బండి తోలాలి, తనకు తెలిసింది వాళ్ళకి చెప్పాలి. సొమ్ము పది వేల పౌండ్లని చెప్తారు.

హాలండులో ఫిల్లిస్, బెల్జియంలో హోండా రైడరు తవెరి గెలిచారు. జూలై 30న సొంతగడ్డ మీద రేసు, సాక్సెన్‌రింగ్. తూర్పు జర్మనీ జనానికి ప్రపంచం నుంచి ఏదైనా వచ్చేది ఏడాదికి ఆ ఒక్కసారే. లక్షల్లో వచ్చేవాళ్ళు, రోడ్డు పక్కన పొలాల గట్లు, మిట్టలు నిండిపోయేవి. డెగ్నర్ గెలిచాడు, ఫిల్లిస్ రెండు. ఆ రోజు ఆ గట్ల మీద కేకలు వేసినవాళ్ళెవరికీ తెలియదు, తమవాడు తమ ఎదుట గెలవడం అదే ఆఖరుసారని.

ఆగస్టు 12, శనివారం. ఉత్తర ఐర్లండులో అల్‌స్టర్ రేసు. జపాను కుర్రాడు తకహాషి గెలిచాడు, డెగ్నర్ రెండు. ఆ రాత్రి తెల్లవారేసరికి, అంటే 13న, తూర్పు జర్మనీ ప్రభుత్వం బెర్లిన్ నగరం మధ్యలో ముళ్ళతీగ లాగేసింది. తర్వాత అదే గోడ అయింది. అప్పటిదాకా తూర్పువాళ్ళు బెర్లిన్లో రైలెక్కి పడమటివైపు దిగిపోయే వీలుండేది, లక్షలమంది అలాగే వెళ్ళారు. ఆ ద్వారం మూతపడింది. డెగ్నర్ గోడకి ఇవతల, పెళ్ళాం పిల్లలు అవతల.

ఒక్కసారి ఆలోచించండి. అతను ఆ క్షణమే పడమట ఉండిపోవచ్చు, ఆపేవాడు లేడు. ఉండలేదు, తిరిగి వెళ్ళాడు. సెప్టెంబరు 3న మోంజాలో మళ్ళీ గెలిచాడు. మూడు విజయాలు, మూడు రెండో స్థానాలు: 42 పాయింట్లు. ఫిల్లిస్‌కి 40. మిగిలినవి రెండే రేసులు, స్వీడన్, అర్జెంటీనా.

సెప్టెంబరు 17, స్వీడన్ క్రిస్టియాన్‌స్టాడ్. ఆ వారాంతమే పడమటి జర్మనీ స్నేహితుడొకడు కారు డిక్కీలో రహస్యంగా అర చేయించి, డెగ్నర్ భార్యని, ఇద్దరు పిల్లల్ని అందులో పడుకోబెట్టి సరిహద్దు దాటించాడు. సరిహద్దు దగ్గర పిల్లలు ఏడిస్తే అంతా అయిపోతుంది. అందుకని వాళ్ళకి నిద్రమందు ఇచ్చారు. చిన్న పిల్లల తండ్రులు, తాతలు ఇది చదువుతుంటే ఇక్కడ ఒక నిమిషం ఆగుతారని నాకు తెలుసు. నేనూ ఆగాను. దాటారు, కబురు స్వీడన్‌కి చేరింది.

రేసు మొదలైన కాసేపటికే డెగ్నర్ ఇంజను పగిలిపోయింది. ఆ రాత్రి జట్టు నుంచి జారుకొని డెన్మార్కు మీదుగా పడమటి జర్మనీ చేరాడు.

తూర్పు జర్మనీ మండిపడింది. కావాలనే ఇంజను పగలగొట్టాడు, దేశాన్ని అమ్మేశాడు అంది. అతను కాదన్నాడు. ఈ విషయంలో నా తీర్పు చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. కావాలని పగలగొట్టి ఉండడు. ప్రపంచ చాంపియనై వెళ్తే అతని విలువ ఇంకా పెరుగుతుంది, కొనేవాడికీ లాభమే. పైగా ఆ ఇంజన్లు అంచు మీద నడిచేవి, చాలాసార్లు వాటంతటవే పగిలేవి. ఐల్ ఆఫ్ మ్యాన్‌లో కూడా అతను రేసు పూర్తి చేయలేకపోయాడుగా. దూరాన డిక్కీలో ఉన్న పిల్లల మీద మనసున్న మనిషి చెయ్యి ఆ రోజు కొంచెం తడబడిందంటే మాత్రం నమ్ముతాను.

ఇక్కడ పాయింట్ల లెక్క ఒకసారి వేద్దాం, ఎందుకంటే చాలామంది "స్వీడన్లో గెలిస్తే చాలు, టైటిల్ అతనిదే" అని తేల్చేస్తారు. అంత తేలిక కాదు. స్వీడన్లో గెలిచినా ఆరు రేసుల లెక్కలో ఒక 6 పోయి 8 వస్తుంది, అంటే 44. అర్జెంటీనాలో ఫిల్లిస్ గెలిస్తే అతనికీ 44. కాబట్టి పోరు అర్జెంటీనా దాకా బతికే ఉండేది. ఇటునుంచి చూస్తే, స్వీడన్లో ఓడిపోయినా డెగ్నర్‌కి దారి మూసుకుపోలేదు. అర్జెంటీనాలో ఫిల్లిస్ గెలిస్తేనే అతను దాటిపోతాడు, రెండో స్థానమొస్తే ఇద్దరూ 42 దగ్గర సమానం. ఎదురుగా డెగ్నర్ ఉండి గెలిచాడంటే టైటిలే అతనిది.

కానీ బండి ఏది? ఎంజెడ్ ఇవ్వదు, తూర్పు జర్మనీ లైసెన్సు రద్దయింది. పడమటి జర్మనీ లైసెన్సు తీసుకున్నాడు. ఇంగ్లండులో తయారైన ఈఎంసీ బండి ఒకటి అరువు మాట్లాడుకున్నాడు. బండి సమయానికి బ్యూనస్ ఐరిస్ చేరలేదు. అక్టోబరు 15న ఫిల్లిస్ గెలిచాడు. నాలుగు విజయాలు, రెండు రెండో స్థానాలు, 44. డెగ్నర్ 42 దగ్గరే ఉండిపోయాడు. అదే ఏడు 250 సీసీలో కూడా హోండా టైటిల్ కొట్టింది, హెయిల్‌వుడ్ చేతుల మీదుగా. హోండా చరిత్రలో ఆ ఏడు గొప్పగా రాసుకుంటారు. రాసుకోవచ్చు, ఫిల్లిస్ మంచి రైడరు, కష్టపడి గెలిచాడు. కాని ఆ 125 టైటిల్ చివరి రేసులో అతని అసలు ప్రత్యర్థి లేడన్నది కూడా పక్కన రాసుకోవాలి.

చలికాలంలో డెగ్నర్ జపాను వెళ్ళాడు, సుజుకి ఉన్న హమమత్సు ఊరికి. సంచిలో ఎంజెడ్ భాగాలు, గీసిన కాగితాలు తీసుకెళ్ళాడని చెప్తారు. సంచి సంగతి ఎలా ఉన్నా, తలలో ఉన్నది చాలు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, అతను ఇంజను తెలిసినవాడని. గొట్టం ఎంత పొడుగు, గరాటు ఎంత వాలు, పళ్ళెం ఎక్కడ కోయాలి, ఇవి దొరికిన మనిషికి ఎనిమిదేళ్ళ పని కొన్ని నెలల్లో చేతికొస్తుంది. 1961లో సుజుకి 125 బండికి రెండు సిలిండర్లు. 1962 బండికి ఒకటే సిలిండరు, పక్కన డిస్క్ వాల్వు. చూసినవాళ్ళకి ఎంజెడ్ గుర్తురాకుండా ఎలా ఉంటుంది?

1962లో కొత్తగా 50 సీసీ తరగతి పెట్టారు. జూన్‌లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో డెగ్నర్ ఆ చిట్టి బండి మీద గెలిచాడు, సుజుకికి అదే తొలి గ్రాండ్ ప్రి విజయం. ముందు ఏడాది ఎవరికంటా పడని కంపెనీ. సీజను చివరికి 41 పాయింట్లతో డెగ్నర్ చాంపియన్, పడమటి జర్మనీకి చెందిన అన్‌షైట్ 36. టూ-స్ట్రోక్ బండి ప్రపంచ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. కాడెన్ పదేళ్ళుగా కన్న కల వేరేవాళ్ళ ట్యాంకు మీద వేరే పేరుతో నిజమైంది.

డెగ్నర్ గెలవడానికి రెండు రోజుల ముందు, అదే ద్వీపంలో, 350 సీసీ రేసులో టామ్ ఫిల్లిస్ పడి చనిపోయాడు. చాంపియనై ఎనిమిది నెలలు కూడా నిండలేదు. ఆ రోజుల్లో రేసులంటే మామూలు రోడ్లే, పక్కన రాతి గోడలు, ఇళ్ళు, స్తంభాలు. 1961 పట్టికలో మొదటి రెండు పేర్లలో ఒకటి అలా పోయింది.

రెండోదానికి కూడా సుఖం రాలేదు. 1963 చివర్లో జపాను సుజుకా ట్రాక్ మీద 250 బండితో పడ్డాడు, పెట్రోలు అంటుకుంది. మొహం, ఒళ్ళు కాలిపోయాయి. చర్మం అతికే ఆపరేషన్లు 50కి పైగా చేశారంటారు. మళ్ళీ వచ్చాడు, 1965లో అల్‌స్టర్‌లో 125 రేసు గెలిచాడు కూడా, కాని మునుపటి మనిషి కాదు. 1966లో వదిలేశాడు. తర్వాత స్పెయిన్‌కి చెందిన టెనెరిఫ్ దీవిలో కార్లు అద్దెకిచ్చుకుంటూ బతికి, 1983 సెప్టెంబరులో, 52 నిండటానికి కొద్ది రోజుల ముందు, చనిపోయాడు.

అతను దొంగా? ఇది రాస్తున్నంతసేపూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పెళ్ళాం పిల్లల్ని ముళ్ళతీగ దాటించుకోవడం నేరమని నేననను. నా పిల్లలు అవతల ఉంటే నేనూ అదే చేస్తాను. వాళ్ళని దాటించాక కూడా కాడెన్ దగ్గర నేర్చుకున్నది అమ్మకుండా, ఉత్త రైడరుగా బతికే దారి అతనికి ఉంది. అంత మంచి రైడరుకి ఎవరో ఒకరు బండి ఇచ్చేవాళ్ళే. అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది. ఒకటి మాత్రం నిజం, ఆ జ్ఞానం చోపావ్ షెడ్డులోనే ఉండిపోతే ఏమయ్యేది? అక్కడ దాన్ని పెంచేందుకు డబ్బులేదు. బయటికొచ్చాక అది దావానలంలా పాకింది. సుజుకి తర్వాత యమహా, 1964లో 250 టైటిల్. పెద్ద తరగతి 500లో 1975 నుంచి 2001 దాకా ప్రతి ఏడాదీ చాంపియన్ బండి టూ-స్ట్రోకే. టూ-స్ట్రోకంటే గిట్టని సొయిచిరో హోండా కంపెనీ కూడా చివరికి దిగివచ్చి 1983లో టూ-స్ట్రోక్‌తోనే ఆ టైటిల్ గెలిచింది. 1984లో మన దగ్గర ఇండ్-సుజుకి 100 సీసీ బండి వచ్చింది, ఆ మరుసటేడు ఆర్ఎక్స్ 100. పాలక్యాన్లు కట్టుకొని తిరిగినవాళ్ళు, పెళ్ళిలో అడిగి తీసుకున్నవాళ్ళు మీలోనే ఉంటారు. ఆ బండి పికప్ అందుకున్నప్పుడు ఒక్కసారిగా ముందుకి దూకేదే, వెనక్కొచ్చిన అల సరిగ్గా కుదిరిన క్షణం అది.

స్ప్రేయరుకి మాత్రం ఆ గొట్టం పెట్టరు, వీపు మీద అంత పొడుగు పట్టదు. రేకు డబ్బా ఒకటి బిగిస్తారంతే. అందుకే ఆ పచ్చి పెట్రోలు వాసన.

కాడెన్ సంగతి చెప్పి ఆపుతాను. డెగ్నర్ వెళ్ళిపోయాక తూర్పు జర్మనీ రహస్య పోలీసుల కన్ను ఆయన మీద పడింది. తమ రైడర్లని బయటి దేశాలకి పంపడానికి ప్రభుత్వానికి భయం, దాంతో ఎంజెడ్ బండ్లని ఎక్కువగా విదేశీ రైడర్లే తోలాల్సొచ్చింది. 1963లో సాక్సెన్‌రింగ్‌లో హెయిల్‌వుడ్ ఎంజెడ్ 250 ఎక్కి గెలిచాడు, ఆ గట్ల మీద జనానికి మళ్ళీ ఒక పండగ. మొత్తం మీద కాడెన్ బండ్లు 13 గ్రాండ్ ప్రిలు గెలిచాయి. టైటిల్ ఒక్కటి కూడా రాలేదు. ఆయన పడమటికి పోలేదు, చోపావ్ వదల్లేదు. 1996 మార్చిలో పోయాడు.

సుజుకా ట్రాక్‌లో ఒక వంపుకి ఇప్పటికీ డెగ్నర్ పేరే ఉంది, 1962లో అక్కడ పడ్డాడని పెట్టారు. జపానులో ఫార్ములా వన్ కార్ల రేసు జరిగినప్పుడు టీవీలో వినండి, ప్రతి చుట్టులోనూ ఆ పేరు వస్తుంది.